జీర్ణ ఎంజైములు ఫలానా చక్కెరనే ఎందుకు కోస్తాయి?

మీ ప్రశ్న నాకు అర్థమైన మేరకు ఇది. పిండిపదార్థం అంటే గ్లూకోజ్ గొలుసు. దూదిలో, కాగితంలో ఉండే సెల్యులోజ్ కూడా గ్లూకోజ్ గొలుసే. లాలాజలంలో, క్లోమరసంలో ఉండే అమైలేజ్ అనే ఎంజైమ్ మొదటిదాన్ని నిమిషాల్లో ముక్కలు చేస్తుంది, రెండోదాన్ని ముట్టుకోదు. లాక్టేజ్ పాలలోని లాక్టోజ్‌ను కోస్తుంది, పంచదార జోలికి పోదు. పాఠ్యపుస్తకంలో "తాళం, తాళంచెవి" అని ఒక్క మాటలో తేల్చేశారు, అది పోలికే తప్ప కారణం కాదు కదా అని మీరు అడిగారు. లాక్టేజ్ మాత్ర వేసుకుంటే మిగతా చక్కెరలు కూడా అరుగుతాయా అన్నది రెండో ప్రశ్న.

బయోకెమిస్ట్రీ పాఠాలు చెప్పేవాడిగా అంటున్నాను, మీ అసంతృప్తి పూర్తిగా న్యాయమైనది. తాళంచెవి పోలిక విన్న చాలామంది, ఎంజైమ్‌కి రెండు గుణాలు ఉంటాయనుకుంటారు: ఒకటి వేగం, రెండోది ఎంపిక. ముందు సరైన అణువును గుర్తుపట్టి, ఆ తర్వాత వేగంగా కోస్తుందని వాళ్ల ఊహ. నిజానికి అవి రెండూ ఒకే పని. ఏ పట్టు వల్ల ఎంజైమ్‌కి అంత వేగం వస్తోందో, ఆ పట్టు వల్లే అది ఒక్క రకం బంధాన్నే కోయగలుగుతోంది. అన్నిటినీ కోసే, అంతే వేగమున్న ఎంజైమ్ ఎందుకు ఉండదో దీన్నిబట్టే తెలుస్తుంది.

ముందు అతుకు సంగతి చూద్దాం. గ్లూకోజ్‌లో ఐదు కార్బన్లు, ఒక ఆక్సిజన్ కలిసి వలయం కడతాయి, ఆరో కార్బన్ బయటికి పొడుచుకుని ఉంటుంది. ఈ వలయం పళ్లెంలా చదునుగా ఉండదు, కుర్చీ ఆకారంలో వంగి ఉంటుంది. 1వ కార్బన్ మీద ఉన్న హైడ్రాక్సిల్ (ఆక్సిజన్, హైడ్రోజన్ జంట) వలయం నుంచి నిలువుగా కిందికి దిగితే ఆల్ఫా, పక్కకి చాచుకుని ఉంటే బీటా. నీళ్లలో విడిగా ఉన్న గ్లూకోజ్‌లో ఈ తేడా నిలవదు. వలయం తెరుచుకుంటూ, మూసుకుంటూ అటూ ఇటూ మారుతూనే ఉంటుంది. సుమారు 36 శాతం ఆల్ఫా, 64 శాతం బీటా దగ్గర లెక్క కుదురుకుంటుంది. కానీ ఆ 1వ కార్బన్ ఇంకో చక్కెరతో అతుక్కుందంటే ఇక మారడానికి వీల్లేదు. ఆల్ఫాగా అతుక్కుంటే ఆల్ఫాగానే, బీటాగా అతుక్కుంటే బీటాగానే ఉండిపోతుంది.

పిండిపదార్థంలో ఒక గ్లూకోజ్ 1వ కార్బన్, పక్క గ్లూకోజ్ 4వ కార్బన్‌తో ఆల్ఫా పద్ధతిలో కలుస్తుంది. ప్రతి అతుకు దగ్గరా గొలుసు కాస్త వంగుతుంది, అలా వంగుతూ పోయి చుట్టలు తిరుగుతుంది. ఒక్కో చుట్టుకి ఆరు గ్లూకోజ్‌లు. అయోడిన్ పోస్తే నీలం రంగు వచ్చేది, అయోడిన్ ఆ చుట్టల మధ్య దూరి కూర్చోవడం వల్లనే. సెల్యులోజ్‌లోనూ 1వ కార్బన్ కలిసేది 4వ కార్బన్‌తోనే, కాకపోతే బీటా పద్ధతిలో. అక్కడ ప్రతి గ్లూకోజ్ తన పక్కదానికి తలకిందులుగా తిరిగి ఉంటుంది, దాంతో గొలుసు వంపు లేకుండా తిన్నగా సాగుతుంది. తిన్నని గొలుసులు పక్కపక్కనే చేరి హైడ్రోజన్ బంధాలతో బిగుసుకుంటాయి, మధ్యలోకి నీళ్లు కూడా సరిగా పోవు. విడి భాగాలు రెండిట్లోనూ ఒకటే. కలిపిన తీరు వేరు కాబట్టి ఒకటి నీళ్లలో ఉబ్బి మెత్తబడుతుంది, ఇంకొకటి చెట్టుని నిలబెడుతుంది.

ఇక్కడ ఒక అపోహ తీసేయాలి. "బీటా బంధం గట్టిది, అందుకే తెగదు" అని చాలాచోట్ల రాస్తారు. అంత తేడా ఏమీ లేదు. 1811లో కిర్చాఫ్ అనే రసాయన శాస్త్రవేత్త పిండిపదార్థాన్ని పలచటి సల్ఫ్యూరిక్ ఆమ్లంతో మరగబెట్టి చక్కెర తీశాడు. 1819లో ఫ్రాన్స్‌లో బ్రాకోనో నారబట్ట పీలికల మీద, రంపపు పొట్టు మీద సల్ఫ్యూరిక్ ఆమ్లం ప్రయోగించి వాటి నుంచీ చక్కెర రాబట్టాడు. ఆమ్లానికి ఆల్ఫా, బీటా అన్న పట్టింపు లేదు. అతుకు మధ్యలో ఉన్న ఆక్సిజన్‌కు ఒక ప్రోటాన్ (ఆమ్లం వదిలే హైడ్రోజన్ అయాన్) తగిలితే చాలు, బంధం బలహీనపడుతుంది, నీటి అణువు వచ్చి మిగతా పని ముగిస్తుంది. సెల్యులోజ్ దగ్గర ఎక్కువ కష్టపడాల్సి రావడానికి కారణం ఆ బిగుసుకున్న కట్ట. విడి బంధం దగ్గర అంత ఇబ్బంది లేదు.

మరి కడుపులోనూ ఆమ్లం ఉంది కదా, అదే ఎందుకు కోయదు? ఎందుకంటే ఆమ్లానికి ఆ పని చేయాలంటే వేడి కావాలి, గాఢత కావాలి, గంటల సమయం కావాలి. 37 డిగ్రీల దగ్గర జఠర రసం ఈ బంధాలను చెప్పుకోదగ్గంతగా కోయలేదు. ఇక ఏ సాయమూ లేకుండా మామూలు నీళ్లలో వదిలేస్తే, 25 డిగ్రీల దగ్గర ఇలాంటి బంధాల్లో సగం తెగడానికి సుమారు 50 లక్షల ఏళ్లు పడుతుందని రిచర్డ్ వుల్ఫెండెన్ బృందం 1998లో లెక్కగట్టింది. అదే బంధాన్ని మంచి ఎంజైమ్ ఒక సెకనులో వందల సార్లు కోస్తుంది. ఈ రెండిటి మధ్య తేడా, బాగా పనిచేసే ఎంజైముల విషయంలో, 1 పక్కన 17 సున్నాలు పెట్టినంత. వేడి లేదు, గాఢమైన ఆమ్లం లేదు. మరి ఆ బలం ఎక్కడిది?

దీనికి జవాబు కావాలంటే అమైలేజ్ లోపలికి తొంగి చూడాలి.

అమైలేజ్ అణువు మీద ఒక పక్కన పొడవాటి గాడి ఉంటుంది. పిండిపదార్థపు గొలుసు ఆ గాడిలో పడుకుంటుంది. మనిషి క్లోమం నుంచి వచ్చే అమైలేజ్‌లో ఈ గాడి ఐదు గ్లూకోజ్‌లు పట్టేంత ఉంటుంది: కోతపడే చోటుకి ఒక వైపు మూడు, ఇంకో వైపు రెండు. ట్రిప్టోఫాన్, టైరోసిన్ లాంటి చదునైన అమైనో ఆమ్లాలు గ్లూకోజ్ వలయాలకు ఆనుకుని ఉంటాయి. ప్రతి హైడ్రాక్సిల్‌కూ ఎదురుగా దాన్ని హైడ్రోజన్ బంధంతో పట్టుకునే పరమాణువు ఒకటి ఉంటుంది. ఆ పట్టు కుదరాలంటే వాటి మధ్య దూరం 2.8 ఆంగ్‌స్ట్రామ్‌ల చుట్టుపక్కల ఉండాలి (ఆంగ్‌స్ట్రామ్ అంటే మీటరులో వెయ్యి కోట్లవ వంతు). ఒక్క ఆంగ్‌స్ట్రామ్ దూరం జరిగినా ఆ పట్టు చాలావరకు పోయినట్టే.

గాడి మధ్యలో, కోతపడే చోట, అసలు పనిచేసే జంట ఉంటుంది. ఒకటి, ఎంజైమ్‌ను కట్టిన అమైనో ఆమ్లాల వరసలో 233వ స్థానంలోని గ్లుటామిక్ ఆమ్లం. అది అతుకులోని ఆక్సిజన్‌కు ప్రోటాన్ ఇస్తుంది. రెండోది 197వ స్థానంలోని ఆస్పార్టిక్ ఆమ్లం. అది ఎదురు వైపు నుంచి 1వ కార్బన్ మీదికి వచ్చి తాత్కాలికంగా అతుక్కుంటుంది. 300వ స్థానంలోని ఇంకో ఆస్పార్టిక్ ఆమ్లం సాయం పడుతుంది. ఒక వైపు నుంచి ప్రోటాన్, ఇంకో వైపు నుంచి దాడి, రెండూ కలిసి బంధాన్ని తెంపుతాయి. తర్వాత ఒక నీటి అణువు వచ్చి ఆస్పార్టిక్ ఆమ్లాన్ని విడిపిస్తుంది, ఎంజైమ్ మళ్లీ మొదటికి వస్తుంది.

మీ ప్రశ్నకు అసలు జవాబు ఇక్కడుంది. ఆల్ఫా బంధంలో తెగాల్సిన ఆక్సిజన్ వలయానికి కింద ఉంటుంది. కాబట్టి ప్రోటాన్ కింది వైపు నుంచి అందాలి, దాడి పై వైపు నుంచి జరగాలి. అమైలేజ్‌లో ఆ రెండు ఆమ్లాలూ సరిగ్గా అలాగే నిలబడి ఉన్నాయి. ఇప్పుడు అదే గాడిలో బీటా బంధం పెట్టి చూడండి. ఆక్సిజన్ పక్కకి జరిగిపోయింది. ప్రోటాన్ ఇచ్చే ఆమ్లం ముందు ఇవ్వడానికి ఏమీ లేదు. దాడి చేయాల్సిన ఆమ్లానికి దారిలో పక్క చక్కెరే అడ్డం వస్తోంది. పైగా బీటా గొలుసు తిన్నగా ఉంటుంది కాబట్టి, ఆల్ఫా గొలుసు వంపుకి తగినట్టు మలిచిన గాడిలో అది పడుకోనే పడుకోదు. ఒక గ్లూకోజ్ ఎలాగో కుదురుకున్నా, దాని పక్కది తలకిందులుగా ఉంటుంది, దాని హైడ్రాక్సిల్స్ అన్నీ తప్పు దిక్కు చూస్తుంటాయి. ఎంజైమ్ సెల్యులోజ్‌ను "గుర్తుపట్టి వదిలేయడం" అంటూ ఏమీ జరగదు. దాన్ని కోయడానికి కావలసిన సరంజామా ఆ చోట లేదు, అంతే.

ఇంకో మెట్టు లోతుకి వెళ్లాలి, ఎందుకంటే ఇంతవరకూ చెప్పింది కూడా తాళంచెవి పోలికకు దగ్గరగానే ఉంది.

బంధం తెగే క్షణంలో గ్లూకోజ్ మామూలు గ్లూకోజ్‌లా ఉండదు. 1వ కార్బన్ మీద ధనావేశం పోగవుతుంది, కుర్చీలా ఉన్న వలయం ఆ పక్కన చదునవుతుంది. ఇది అతి స్వల్ప కాలం ఉండే, ఎంతో శక్తి ఖర్చయ్యే స్థితి. దీన్నే ట్రాన్సిషన్ స్టేట్ అంటారు. సాయం లేని నీళ్లలో బంధం లక్షల ఏళ్లు చెక్కుచెదరకుండా ఉండేది ఈ మిట్ట ఎక్కలేకనే. ఎంజైమ్ గట్టిగా పట్టుకునేది మామూలు గ్లూకోజ్‌ను కాదు, ఈ నలిగిన రూపాన్ని. గాడిలోని ప్రతి హైడ్రోజన్ బంధం, ప్రతి ఆవేశం ఆ రూపానికి సరిగ్గా సరిపోయేలా అమరి ఉంటాయి. అందుకని గొలుసు లోపలికి వచ్చాక ఆ రూపంలోకి మారడం దానికి తేలికవుతుంది. ఈ ఆలోచనను లైనస్ పాలింగ్ 1946లో స్పష్టంగా చెప్పాడు. ఎంజైమ్‌కి వచ్చే వేగమంతా ఆ పట్టులోంచి వచ్చే శక్తే.

ఇక లెక్క తేలికైపోతుంది. ఒక్కో పట్టు కొంత శక్తి ఇస్తుంది. ఆ పట్టులన్నీ కలిస్తేనే మిట్ట దిగుతుంది. రెండు, మూడు పట్టులు తప్పిపోతే వేగం కొద్దిగా తగ్గడంతో పోదు, వేల రెట్లు, లక్షల రెట్లు పడిపోతుంది. కాబట్టి "తప్పు" చక్కెరను ఎంజైమ్ అసలు కోయదు అనడం కన్నా, మన జీర్ణ కాలంలో లెక్కకు రానంత నెమ్మదిగా కోస్తుంది అనడం నిజానికి దగ్గర. ఎంజైమ్‌ను అన్నిటికీ సరిపోయేలా వదులు చేస్తే పట్టు పోతుంది. పట్టు పోతే వేగం పోతుంది. అప్పుడది ఆమ్లంతో సమానం.

దీనికి అమైలేజ్‌లోనే చక్కటి రుజువు ఉంది. మాల్టోజ్ అంటే ఆల్ఫా పద్ధతిలో కలిసిన రెండు గ్లూకోజ్‌లు. బంధం సరిగ్గా అమైలేజ్ కోసే రకమే. అయినా అమైలేజ్ దాన్ని కోయదు. ఎందుకు? రెండు గ్లూకోజ్‌లు ఐదింటి గాడిలో రెండు చోట్లే నింపుతాయి. మిగతా పట్టులు ఖాళీ. బంధం సరైనదైనా శక్తి చాలదు. మూడు గ్లూకోజ్‌లు ఉన్న దాన్ని చాలా నెమ్మదిగా కోస్తుంది, అంతకన్నా పొడవైన వాటిని చకచకా కోస్తుంది. తాళంచెవి పోలిక దగ్గర ఆగిపోతే ఈ సంగతి అర్థం కాదు.

దీన్ని మీరు కళ్లారా చూడొచ్చు. మేం క్లాసులో పిల్లల చేత చేయిస్తుంటాం. పలచగా ఉడికించిన స్టార్చ్ ద్రావణంలో కొంచెం లాలాజలం కలిపి గోరువెచ్చగా ఉంచుతాం. తెల్లటి టైల్ మీద అయోడిన్ చుక్కలు వరసగా పెట్టి, కాసేపటికొకసారి ద్రావణంలోంచి ఒక చుక్క తీసి వాటిలో కలుపుతాం. మొదటి చుక్కలు నల్లటి నీలం. తర్వాతవి ఊదా. ఆ తర్వాత ఎర్రటి గోధుమ రంగు. చివరికి అయోడిన్ పసుపు తప్ప ఏ రంగూ రాదు. చుట్టలు తెగి చిన్నవవుతున్న కొద్దీ అయోడిన్‌కు కూర్చునే చోటు తగ్గిపోతోందన్నమాట. ఇప్పుడు ఆ ద్రావణంలో గ్లూకోజ్ చూసే స్ట్రిప్ ముంచితే పిల్లలు బిత్తరపోతారు. స్టార్చ్ అంతా పోయింది, స్ట్రిప్ మీద మాత్రం రంగు దాదాపు మారదు. ఎందుకంటే అమైలేజ్ పనిచేశాక మిగిలేది ఎక్కువగా మాల్టోజ్, మూడు గ్లూకోజ్‌ల ముక్కలు, కొమ్మలున్న చిన్న ముక్కలు. విడి గ్లూకోజ్ నామమాత్రం. ఇంకో సంగతి కూడా చెబుతాను: ఆ స్ట్రిప్‌లో ఉండేది కూడా గ్లూకోజ్ ఆక్సిడేజ్ అనే ఎంజైమే. అది బీటా రూపంలో ఉన్న విడి గ్లూకోజ్‌నే పట్టించుకుంటుంది, మాల్టోజ్‌ను లెక్కచేయదు. అదే స్ట్రిప్‌ను లాక్టేజ్ చుక్కలు వేసి కాసేపు ఉంచిన పాలలో ముంచితే రంగు మారుతుంది. మామూలు పాలలో మారదు.

ఈ ఎంపికను మొదట పట్టుకున్నది ఎమిల్ ఫిషర్. మిథైల్ గ్లూకోసైడ్ అనే చిన్న అణువును ఆయన ఆల్ఫా, బీటా రెండు రూపాల్లోనూ తీసుకున్నాడు. ఈస్ట్ నుంచి తీసిన ఎంజైమ్ ఆల్ఫాను కోసింది, బీటాను వదిలేసింది. బాదం గింజల నుంచి వచ్చే ఎమల్సిన్ బీటాను కోసింది, ఆల్ఫాను వదిలేసింది. గ్లూకోజ్‌కు అద్దంలో ప్రతిబింబం లాంటి ఎల్-గ్లూకోజ్‌తో చేసిన వాటిని రెండూ తాకలేదు. ప్రోటీన్ నిర్మాణం ఎలా ఉంటుందో ఎవరికీ తెలియని 1894లో, కేవలం ఈ ఫలితాల మీద ఆధారపడి ఆయన తాళం, తాళంచెవి పోలిక తెచ్చాడు. ఆ రోజుకి అది అద్భుతమైన ఊహ. మన పుస్తకాలు అక్కడే ఆగిపోవడమే ఇబ్బంది. 1958లో డేనియల్ కోష్‌లాండ్, అణువు వచ్చి కూర్చున్నప్పుడు ఎంజైమ్ కూడా తన ఆకారం సర్దుకుంటుందని చెప్పాడు. సరైన అణువు వస్తేనే ఆ సర్దుబాటు పూర్తయి, కోసే ఆమ్లాలు తమ చోటికి చేరతాయి. 1965లో డేవిడ్ ఫిలిప్స్ బృందం లైసోజైమ్ నిర్మాణాన్ని ఎక్స్-రేలతో బయటపెట్టింది. అలా పూర్తిగా కనిపించిన మొదటి ఎంజైమ్ అదే, అదీ చక్కెర గొలుసును కోసేదే కావడం మన అదృష్టం. ఇన్నాళ్లూ ఊహగా ఉన్న గాడి అక్కడ కంటికి కనిపించింది.

ఇప్పుడు చిన్నపేగు దగ్గరికి వద్దాం. అమైలేజ్ వదిలేసిన చిన్న ముక్కలను పేగు గోడకు అంటుకుని ఉన్న ఎంజైములు పూర్తిచేస్తాయి. వీటిలో గాడి ఉండదు, ఒక చివర మూసుకున్న గుంట ఉంటుంది. గొలుసు చివరి గ్లూకోజ్ ఒక్కటే ఆ గుంటలోకి దిగుతుంది. అందుకే ఇవి చివరి నుంచి ఒక్కొక్కటిగా తెంపుతాయి, మధ్యలో కోయలేవు. అమైలేజ్ వదిలేసిన మాల్టోజ్‌ను ఇవి సులభంగా కోస్తాయి. మాల్టేజ్-గ్లూకోఅమైలేజ్ ఒకటి, సుక్రేజ్-ఐసోమాల్టేజ్ ఇంకొకటి. ఈ రెండోది తయారైనప్పుడు ఒకే ప్రోటీన్. తర్వాత క్లోమరసం దాన్ని రెండు ముక్కలు చేస్తుంది, అయినా విడిపోకుండా పక్కపక్కనే ఉంటాయి. ఐసోమాల్టేజ్ భాగం పిండిపదార్థంలో కొమ్మలు మొలిచే చోట ఉండే 1-6 అతుకును (1వ కార్బన్, 6వ కార్బన్ మధ్యది) కోస్తుంది, సుక్రేజ్ భాగం పంచదారను కోస్తుంది. రెండూ మాల్టోజ్‌నూ కోస్తాయి. అంటే "ఒక ఎంజైమ్, ఒక చక్కెర" అన్న సూత్రం కూడా అక్షరాలా నిజం కాదు.

పంచదార విషయం నాకు ఎంతో ఇష్టం, కాస్త ఓపిగ్గా వినండి. పంచదార అంటే సుక్రోజ్. అందులో గ్లూకోజ్, ఫ్రక్టోజ్ రెండూ తమ తమ చురుకైన కార్బన్లతోనే కలుసుకున్నాయి. కాబట్టి ఆ అతుకును రెండు వైపుల నుంచీ కోయొచ్చు. మన పేగులోని సుక్రేజ్ గ్లూకోజ్ వైపు పట్టుకుంటుంది. ఈస్ట్‌లోని ఇన్వర్టేజ్ ఫ్రక్టోజ్ వైపు పట్టుకుంటుంది. రెండిటి ఫలితం ఒకటే, గ్లూకోజ్, ఫ్రక్టోజ్. పంచదార మీద పరీక్షిస్తే తేడా తెలియదు. తేడా తెలియాలంటే రాఫినోజ్ ఇచ్చి చూడాలి. పప్పుగింజల్లో ఉండే ఈ చక్కెర ఏమిటంటే, సుక్రోజ్‌లోని గ్లూకోజ్‌కు ఇంకో గెలాక్టోజ్ తగిలించినదే. ఇన్వర్టేజ్ పట్టుకునే ఫ్రక్టోజ్ చివర ఖాళీగానే ఉంది కాబట్టి ఈస్ట్ దాన్ని కోసి ఫ్రక్టోజ్‌ను విడదీస్తుంది. మన సుక్రేజ్ పట్టుకోవాల్సిన గ్లూకోజ్ చివర గెలాక్టోజ్ వచ్చి కూర్చుంది, గుంటలోకి దిగడానికి వీల్లేదు. కోయాల్సిన బంధం అక్కడే ఉంది, మారలేదు. అయినా మన పేగు దాన్ని కోయలేక పెద్దపేగుకు పంపేస్తుంది. అక్కడ బ్యాక్టీరియా దాన్ని పులియబెడుతుంది, గ్యాస్ వస్తుంది.

లాక్టేజ్ ఇంకో రకంగా ఆసక్తికరం. దాని ప్రధాన పని గెలాక్టోజ్, గ్లూకోజ్ మధ్య ఉన్న బీటా 1-4 బంధాన్ని కోయడం. గెలాక్టోజ్‌కూ గ్లూకోజ్‌కూ తేడా 4వ కార్బన్ మీది హైడ్రాక్సిల్ దిక్కు ఒక్కటే. లాక్టేజ్ ఆ ఒక్క విషయంలో అంత పట్టుదలగా ఉండదు. మొక్కల నుంచి వచ్చే కొన్ని బీటా గ్లూకోసైడ్‌లను (గ్లూకోజ్ బీటా పద్ధతిలో అతుక్కున్న అణువులను) కోస్తుంది, రెండు గ్లూకోజ్‌ల సెల్యులోజ్ ముక్క సెల్లోబయోజ్‌ను కూడా కొంతవరకు కోస్తుంది. కానీ ఆల్ఫా బంధాన్ని తాకదు. ఇంకో వైపు, లాక్టోజ్‌లోని గ్లూకోజ్ బదులు ఫ్రక్టోజ్ పెడితే అది లాక్టులోజ్ అవుతుంది. బంధం బీటా 1-4, గెలాక్టోజ్ అలాగే ఉంది, అయినా మన లాక్టేజ్ దాన్ని కోయదు. మలబద్ధకానికి వైద్యులు లాక్టులోజ్ ఇచ్చేది అందుకే: అరగకుండా పెద్దపేగు దాకా పోతుంది, నీటిని అక్కడికి లాగుతుంది.

అయితే లాక్టేజ్‌కు బీటా 1-4 కోయడం వచ్చు కదా, మరి సెల్యులోజ్ ఎందుకు అరగదు అని మీరు అడగొచ్చు. ఆ గుంటలోకి ఒక్కో గొలుసు చివర విడిగా దిగాలి. సెల్యులోజ్‌లో గొలుసులు కట్టగా బిగుసుకుని ఉన్నాయి, విడి చివరలు దొరకడమే కష్టం. ఆ కట్టను విప్పే ఎంజైములు కొన్ని బ్యాక్టీరియాకు, శిలీంధ్రాలకు ఉన్నాయి. ఆవు గడ్డి తిని బతికేది కూడా కడుపులోని సూక్ష్మజీవుల పుణ్యమే.

ఈ కథంతా ఊహాగానం కాదని చెప్పడానికి అకార్బోజ్ అనే మందు చాలు. మధుమేహానికి వాడతారు. దానిలో ఒక వలయం, గ్లూకోజ్ బంధం తెగేటప్పుడు వచ్చే ఆ నలిగిన, చదునైన రూపాన్ని పోలి ఉంటుంది. తెగాల్సిన ఆక్సిజన్ చోట నైట్రోజన్ ఉంటుంది, కాబట్టి కోత పడదు. అమైలేజ్, సుక్రేజ్, మాల్టేజ్ దాన్ని ఎంతో గట్టిగా పట్టుకుని వదలలేక ఆగిపోతాయి. పిండిపదార్థం, పంచదార నెమ్మదిగా అరుగుతాయి, రక్తంలో చక్కెర ఒక్కసారిగా పెరగదు. లాక్టేజ్ మాత్రం మామూలుగా పనిచేస్తుంది, ఎందుకంటే అది బీటా కుటుంబం. ఇందులో ప్రాణం మీదికి వచ్చే ఒక విషయం ఉంది. అకార్బోజ్‌తో పాటు ఇన్సులిన్ లాంటివి వాడేవాళ్లకు షుగర్ పడిపోతే పంచదార ఇచ్చి లాభం లేదు, దాన్ని కోసే ఎంజైమ్ ఆగిపోయి ఉంటుంది. నేరుగా గ్లూకోజే ఇవ్వాలి.

అన్నిటినీ కోసే ఎంజైమ్ ఒకటి ఉంటే బాగుండేది కదా అని కొందరు అంటారు. రసాయనం ఒప్పుకోదన్నది పైన చెప్పాను. ఒప్పుకున్నా మనకు మంచిది కాదు. పేగు గోడను కాపాడే జిగురులో మ్యూసిన్ అనే ప్రోటీన్ల నిండా చక్కెర గొలుసులే. పేగు కణాల పై పొర కూడా అంతే. ఇప్పుడు మాట్లాడుకున్న సుక్రేజ్, లాక్టేజ్‌ల మీద కూడా చక్కెర గొలుసులు అంటుకుని ఉంటాయి. ఆ గొలుసుల్లో మానోజ్, గెలాక్టోజ్, ఇంకా రకరకాల చక్కెరలు మన జీర్ణ ఎంజైములకు అందని అతుకులతో కలిసి ఉంటాయి. విచక్షణ లేని ఎంజైమ్ పేగులో తిరిగితే ముందు తన గోడనే తినేస్తుంది. రాఫినోజ్‌లోని గెలాక్టోజ్‌ను తెంపే రకం ఎంజైమ్ మన శరీరంలో లేకపోలేదు. ఆల్ఫా-గెలాక్టోసిడేజ్ అనే ఆ ఎంజైమ్ కణాల లోపల, వ్యర్థాలను ముక్కలు చేసే లైసోజోములనే సంచుల్లో ఉంది. అది లోపిస్తే ఫాబ్రీ వ్యాధి అనే జన్యు వ్యాధి వస్తుంది. పేగులోకి మాత్రం అది విడుదల కాదు. ఏ కోత ఎక్కడ జరగాలన్న హద్దు కూడా శరీరం పెట్టుకుంది.

మిగిలిన కోతలను పెద్దపేగులోని బ్యాక్టీరియాకు వదిలేశాం. బాక్టీరాయిడిస్ థీటాఅయోటామైక్రాన్ అనే ఒక్క జాతి జన్యువుల్లోనే చక్కెర బంధాలు కోసే ఎంజైములు 200కు పైగా ఉన్నాయి. ఆహారంలోని చక్కెరలు కోయడానికి మనకున్నవి దానిముందు పిడికెడు. అది కూడా అన్నిటికీ ఒకే ఎంజైమ్ తయారుచేసుకోలేదు, ఒక్కో అతుక్కి ఒక్కోటి పెట్టుకుంది.

ఇక మీ రెండో ప్రశ్న. లాక్టేజ్ మాత్ర లాక్టోజ్‌కే పనికొస్తుంది. ప్రపంచంలో పెద్దవాళ్లలో దాదాపు మూడింట రెండు వంతుల మందికి చిన్నతనం దాటాక లాక్టేజ్ తగ్గిపోతుంది. వాళ్లకి పాలు తాగేముందు ఈ మాత్ర ఉపయోగపడుతుంది. పప్పులు తిన్నప్పుడు వచ్చే గ్యాస్‌కు అది ఏమీ చేయదు. దానికి ఆల్ఫా-గెలాక్టోసిడేజ్ ఉన్న మాత్ర వేరే ఉంది, అది పాల విషయంలో పనికిరాదు. పుట్టుకతో సుక్రేజ్-ఐసోమాల్టేజ్ లోపం ఉన్న పిల్లలకు ఇవి రెండూ పనికిరావు. వాళ్లకి ఈస్ట్ నుంచి తీసిన సుక్రేజ్ ద్రావణం ఇస్తారు. అది పంచదారను కోసిపెడుతుంది, కానీ పిండిపదార్థం ముక్కల జోలికి పోదు. కారణం మీకు ఇప్పటికే తెలుసు, అది పట్టుకునేది ఫ్రక్టోజ్ వైపు. ఇక విడి ఫ్రక్టోజ్ పడనివాళ్లకు కోత ఎంజైమ్ ఏదీ సాయం చేయలేదు. అక్కడ కోయడానికి బంధమే లేదు. సమస్య ఫ్రక్టోజ్‌ను పేగు గోడ దాటించే జీఎల్‌యూటీ5 అనే రవాణా ప్రోటీన్ దగ్గర. గ్లూకోజ్, గెలాక్టోజ్‌లకు దారి వేరు, ఎస్‌జీఎల్‌టీ1. కాబట్టి ఏ మాత్రైనా కొనేముందు ఏ చక్కెర తింటే ఇబ్బంది వస్తోందో వైద్యుడి దగ్గర శ్వాస పరీక్షతో తేల్చుకోండి.